నెల తప్పాక మూత్రంలో మంటొస్తే "వేడి చేసిందిలే" అని వదిలేయొద్దు

మా అనంతపురం ఎండల్లో ఎవరన్నా మూత్రంలో మంట అంటే చాలు, ఇంట్లో వెంటనే వచ్చే మాట "వేడి చేసిందిలే, మజ్జిగ తాగు". నెల తప్పిన అమ్మాయి విషయంలో మాత్రం అక్కడితో ఆగొద్దు. మంట వెనక ఇన్ఫెక్షన్ ఉంటే కిడ్నీల దాకా పోవచ్చు, 37 వారాలు నిండకుండానే కాన్పయ్యే రిస్కు కూడా పెరుగుతుంది.

ఇన్ఫెక్షన్ వస్తే ఒళ్లు దానిమీద తిరగబడుతుంది, దాన్నే డాక్టర్లు ఇన్‌ఫ్లమేషన్ అంటారు. కాళ్లు వాయడం అనుకోకండి, అది వేరే కథ. క్రిములతో పోరాడటానికి ఒళ్లు రకరకాల రసాయనాలు వదులుతుంది, వాటివల్ల ప్రోస్టాగ్లాండిన్లు పెరుగుతాయి, కాన్పప్పుడు గర్భసంచి మూతిని మెత్తబరిచి నొప్పులు తెప్పించేవి అవే, కాకపోతే ఇక్కడ నెలలు నిండకముందే పని మొదలుపెట్టేయొచ్చు.

అసలు చిక్కేంటంటే కొందరికి మంట, జ్వరం ఏమీ లేకుండానే మూత్రంలో క్రిములుంటాయి. అందుకే మొదటి చెకప్ మూడు నెలలలోపే చేయించుకుని, మామూలు మూత్రం టెస్టుతో పాటు యూరిన్ కల్చర్ (మూత్రంలోని క్రిములను ల్యాబ్‌లో పెంచి ఏవో తేల్చే టెస్టు) కూడా అడగండి. పీహెచ్‌సీలో కుదరకపోతే ఇక్కడి సర్వజన ఆసుపత్రిలో అడిగి చూడండి.

శాంపిల్ పట్టడంలోనే చాలామంది తప్పు చేస్తారు. మా చెల్లెలు లేవగానే డబ్బా నింపి ఇచ్చింది, మూడు రోజులు ఆగితే రిపోర్టులో రకరకాల క్రిములు కలిసిపోయాయి, మళ్లీ ఇవ్వండి అన్నారు. ముందు ఆ భాగాన్ని నీళ్లతో ముందు నుంచి వెనక్కి కడుక్కోవాలి, మొదటి ధార వదిలేసి మధ్యలోది మాత్రం ల్యాబ్ వాళ్లిచ్చిన డబ్బాలో పట్టాలి, మూత లోపలి వైపు వేలు తగలనీయొద్దు. రెండు గంటల్లోపు ల్యాబ్‌కు చేర్చాలి. యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే ఇవ్వండి, లేకపోతే క్రిమి దొరక్కపోవచ్చు.

క్రిమి తేలితే డాక్టర్ రాసినన్ని రోజులూ మాత్రలు వేసుకోవాలి, రెండు రోజులకు మంట తగ్గిందని ఆపొద్దు. మెడికల్ షాపులో చెప్పి తెచ్చుకోవడం అసలొద్దు, డాక్సీసైక్లిన్ లాంటివి కడుపుతో ఉన్నవాళ్లకు పడవు. నడుము నొప్పికని బ్రూఫెన్ కూడా సొంతంగా వేసుకోకండి.

చెనిక్కాయ చేనుకు కలుపుకు పోయే ఆడవాళ్లది ఇంకో బాధ: మరుగు ఉండదు కాబట్టి పొద్దున్నించి నీళ్లే తాగరు. మేస్త్రితో మొహమాటం లేకుండా చెప్పి మధ్యలో ఇంటికొచ్చి పోండి, నీళ్లు మాత్రం మానొద్దు.

తెల్లబట్ట చేప వాసనొస్తే అదీ ఇన్ఫెక్షన్ కావచ్చు, డాక్టరుకు చెప్పండి, సిగ్గుపడే విషయం కాదు. చిగుళ్లలో రక్తం కారుతుంటే పళ్ల డాక్టరుకు చూపించుకోండి, దాంతో నెల తక్కువ కాన్పు ఆగుతుందని రుజువు కాలేదు గానీ చిగుళ్లయినా బాగుపడతాయి.

37 వారాలకు ముందే పొట్ట మళ్లీ మళ్లీ గట్టిపడి వదులుతున్నా, నీరు కారినా, రక్తం కనిపించినా పొద్దున దాకా చూద్దామనుకోవద్దు, 108కి ఫోన్ చేయండి.