ప్రాంతీయ స్వయంప్రతిపత్తి సవరణకు ముసాయిదా రాయడం ఎలా?

ప్రాంతాలకు అధికారాలు పంచే రాజ్యాంగ సవరణ రాయడానికి కూర్చున్నవారు సాధారణంగా ఏ శాఖ ఎవరికన్న జాబితాతో మొదలుపెడతారు. అంతకుముందే తేల్చవలసింది మరొకటి ఉంది: జాబితాలో లేని అంశం ఎవరికి చెందుతుంది? 1998 నాటి స్కాట్లాండ్ చట్టం బ్రిటిష్ పార్లమెంటు అట్టిపెట్టుకున్న అంశాలను ఐదవ షెడ్యూలులో పేర్కొని, మిగిలినవన్నీ స్కాటిష్ పార్లమెంటుకు వదిలింది. వేల్స్‌కు మొదట అధికారాలను లెక్కపెట్టి ఇచ్చారు. హద్దుల తగాదాలు సుప్రీంకోర్టు దాకా వెళ్లాక, 2017 చట్టంతో అక్కడా స్కాట్లాండ్ పద్ధతికే వచ్చారు.

ఉమ్మడి జాబితాను వీలైనంత కుదించండి. ఇటలీ 2001లో రాజ్యాంగంలోని 117వ అధికరణను తిరగరాసినప్పుడు ఓడరేవులు, విమానాశ్రయాలు, చివరికి దేశవ్యాప్త ఇంధన సరఫరాను కూడా ఉమ్మడి అంశాల్లో చేర్చి, మూలసూత్రాలను కేంద్రం, వివరాలను ప్రాంతాలు నిర్ణయించాలంది. సూత్రం ఎక్కడ ముగిసి వివరం ఎక్కడ మొదలవుతుందో ఏ ముసాయిదాకారుడూ గీత గీసి చూపలేడు కనుక, రాజ్యాంగ న్యాయస్థానంలో వ్యాజ్యాలు పేరుకుపోయాయి. ఆ జాబితా రద్దునూ సెనేట్ కుదింపునూ కలిపి 2016 డిసెంబరు 4న ఒకే ప్రశ్నగా ఓటుకు పెట్టారు. ప్రజలు కాదనడంతో రెండూ పోయాయి. ఒకదానితో ఒకటి సంబంధం లేని మార్పులను వేర్వేరు ప్రశ్నలుగా అడగడమే మేలు.

బాధ్యతను బదలాయించే నిబంధనలోనే దాని ఖర్చు ఏ పన్ను నుంచి రావాలో రాయండి. స్పెయిన్‌లోని బాస్క్ ప్రాంతంలోనూ నవార్రలోనూ పన్నులు స్థానికంగానే వసూలై, కేంద్ర సేవలకు వాటా మాత్రం పైకి వెళ్తుంది. తక్కిన 15 ప్రాంతాలది వేరే విధానం. చరిత్ర వల్ల వచ్చిన ఇలాంటి తేడాలను తుడిచేయడం కష్టమే గానీ, పేద ప్రాంతాలకు తోడ్పడే సర్దుబాటు నిధికి ధనిక ప్రాంతం ఎంత ఇవ్వాలో స్వయంప్రతిపత్తి ఇచ్చే రోజునే తేల్చుకోవాలి. తర్వాత అడిగితే దాన్ని ఇచ్చిన హక్కును లాక్కోవడంగానే చూస్తారు.

వివాదాలకు కోర్టుకన్నా ముందు ఒక మెట్టు ఉండాలి. స్పెయిన్‌లో ప్రాంతీయ చట్టాన్ని కేంద్రం సవాలు చేయడానికి గడువు మూడు నెలలు. కేంద్రం, ఆ ప్రాంతం ప్రతినిధులుండే ఇరుపక్షాల సంఘం చర్చలకు ఒప్పుకుంటే అది తొమ్మిది నెలలవుతుంది. చాలా తగాదాలకు కావలసింది ఆ పాటి వ్యవధే.

చివరిగా, క్రమం. స్పెయిన్‌లోని కేటలోనియా ప్రాంతపు కొత్త స్వయంప్రతిపత్తి శాసనాన్ని (ఆ ప్రాంతపు మూల చట్టాన్ని) 2006 జూన్‌లో ఓటర్లు ఆమోదించాక, నాలుగేళ్లకు రాజ్యాంగ న్యాయస్థానం అందులో కొన్ని భాగాలను కొట్టివేసింది. ప్రజలు ఆమోదించినదాన్ని న్యాయమూర్తులు కత్తిరించారన్న ఆగ్రహం వీధుల్లోకి వచ్చింది. అందుకే స్పెయిన్ 2015లో ఇలాంటి శాసనాలను ముందుగానే సవాలు చేసే వీలును తిరిగి తెచ్చింది. మీ ముసాయిదాలోనూ న్యాయసమీక్ష ప్రజాభిప్రాయ సేకరణకు ముందే పూర్తి కావాలని, దానికి గడువుతో సహా రాయండి.