మంచె మీది నుంచి బాణం వేసే ముందు జాగ్రత్తలు

ఈశాన్య రుతుపవనాల వానలు తగ్గాక ఉదయగిరి వైపు తోటల్లో మంచెలెక్కి, జింక ఆకారపు ఫోమ్ బొమ్మలపై గురి సాధన చేయదలచినవారు ముందుగా చూసుకోవలసినవి ఇవి.

బొమ్మ తప్ప ప్రాణమున్న జింక గురి కారాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దుప్పినైనా కృష్ణజింకనైనా వేటాడటం నేరం.

నేల విడిచినప్పటి నుంచి మళ్లీ నేల తాకేవరకు నడుముకూ భుజాలకూ వేసుకున్న బెల్టు చెట్టు మానుకు కట్టి ఉండాలి, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ కాలు జారడం సులువు కనుక.

వానకు నానిన తాళ్లను, కర్రలను నమ్మరాదు.

విల్లును, మొనలు కప్పిన బాణాలను పైకెక్కి కూర్చున్నాక తాడుతో లాగుకోవాలి.

గురి తప్పేది ఎక్కువగా దూరం లెక్కలోనే: కంటికీ బొమ్మకూ ఎత్తు తేడా 6 మీటర్లు, చూపు వెంట దూరం 12 మీటర్లు అయితే, నేల మీద దూరం సుమారు 10.4 మీటర్లే, బాణాన్ని కిందికి లాగే భూమి ఆకర్షణ ఆ తక్కువ దూరానికే లెక్క గనుక, 12 మీటర్లకని గురిపెడితే దెబ్బ పైకి తగులుతుంది.

చేతిని కిందికి దించక నడుము దగ్గర వంగాలి. లేకుంటే నారి లాగే కొలత మారిపోతుంది.

బొమ్మ వెనుక మట్టికట్ట ఉండాలి, ఆ వైపు పశువులు తోలుకెళ్లే దారి ఉండరాదు.