నూరువరహాల మొక్క కుండీలో పూయాలంటే ఏం చేయాలి?

నర్సరీలో గుత్తులు గుత్తులుగా పూసిన నూరువరహాల మొక్క ఇంటికి తెచ్చిన ఆరు నెలలకు పసుపు పచ్చగా మారిపోయిందని చాలామంది బాధపడుతుంటారు. ఎరువు చాలడం లేదనుకుని ఇంకా వేస్తారు. చాలా ఇళ్లలో అసలు సమస్య ఎరువు కాదు, నీళ్లు.

ఈ మొక్క దక్షిణ భారతదేశం, శ్రీలంకలది. కాఫీ మొక్కకు దగ్గరి చుట్టం, రెండూ ఒకే కుటుంబం. రెండింటికీ కాస్త పులుపు నేల కావాలి. నూరువరహాలకు మట్టి పీహెచ్ (పులుపును కొలిచే అంకె, 7 కన్నా ఎంత తగ్గితే అంత పులుపు) 5 నుంచి 6 మధ్య ఉంటే బాగుంటుంది. మన బోరు నీళ్లు చాలాచోట్ల అందుకు పూర్తిగా విరుద్ధం. బకెట్ అంచున తెల్లటి చార పేరుకుంటుందంటే ఆ నీళ్లలో సున్నం ఎక్కువని అర్థం.

మట్టి, కుండీ

12 అంగుళాల కుండీ తీసుకోండి. అడుగున రంధ్రాలు మూసుకుపోకుండా చూసుకోండి. ఎర్రమట్టి 2 పాళ్లు, బాగా చివికిన పశువుల ఎరువు 1 పాలు, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) 1 పాలు, ముతక ఇసుక అర పాలు కలపండి. బూడిద, కోడిగుడ్డు పెంకులు, సున్నం మాత్రం వద్దు. వేరే మొక్కలకు మేలు చేసేవే అయినా ఇవి మట్టి పులుపును తగ్గిస్తాయి. నేలలో నాటేవాళ్లు కొత్త సిమెంటు గోడకు కనీసం రెండడుగులు ఎడంగా నాటాలి. గోడ నుంచి రాలే సిమెంటు, సున్నం కూడా అదే పని చేస్తాయి.

నాటడం

జూన్ నుంచి ఆగస్టు వరకు మంచి అదను. కవరు కోసి చూడండి. వేళ్ల చుట్టూ బంకమట్టి గట్టిగా ముద్దకట్టి ఉంటే పై పొరను మాత్రం చేతివేళ్లతో మెల్లగా గీరి తీసేయండి. అలాగే నాటితే నీళ్లు ముద్దలోకి దిగకుండా పక్కనుంచి జారిపోతాయి. మొక్క కవరులో ఎంత లోతున ఉందో కుండీలోనూ అంతే ఉండాలి. మొదలు పూడిస్తే కుళ్లుతుంది.

మొక్క కొననక్కర్లేదు, కొమ్మతోనూ వస్తుంది. పూర్తిగా ముదరని కొమ్మను 5 అంగుళాల పొడవున కణుపు కింద కోయండి. పైన రెండాకులు ఉంచి, వాటినీ సగానికి కత్తిరించండి. ఇసుక, కోకోపీట్ సమానంగా కలిపి గుచ్చి, పైన ప్లాస్టిక్ కవరు కప్పి నీడలో పెట్టండి. వేళ్లు రావడానికి 6 నుంచి 8 వారాలు పడుతుంది. చిగురు కనిపించగానే పీకి నాటేస్తే చచ్చిపోతుంది. కొమ్మలో దాచుకున్న బలంతోనే చిగురు రావచ్చు. మెల్లగా లాగినప్పుడు బిగిసి ఉంటేనే వేళ్లు వచ్చినట్టు.

ఎండ, నీళ్లు

రోజుకు ఐదారు గంటల ఎండ తగలాలి. నీడలో ఆకులే పెరుగుతాయి, మొగ్గ రాదు. ఏప్రిల్, మే నెలల్లో డాబా మీది కుండీలకు మాత్రం మధ్యాహ్నం నీడ కల్పించండి.

పై అంగుళం మట్టి ఆరాకే నీళ్లు పోయండి. వాననీళ్లు పట్టి ఉంచితే అంతకు మించినది లేదు. ఏసీ నుంచి కారే నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు, వాటినీ వాడవచ్చు. ఆర్వో మిషన్ బయటికి వదిలే నీళ్లు మాత్రం పొయ్యకండి. బోరు నీళ్లలోని లవణాలే అక్కడ మరింత చిక్కబడి ఉంటాయి.

ఆకు పసుపు రంగుకు తిరిగితే

ముందు ఏ ఆకో చూడండి. లేత ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం పాలిపోతే అది ఇనుప ధాతు లోపం. మట్టిలో ఇనుము ఉన్నా సున్నం వల్ల వేళ్లు దాన్ని తీసుకోలేవు. లీటరు నీటిలో 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కరిగించి సాయంత్రం ఆకులు తడిసేలా పిచికారీ చేయండి. వారం, పది రోజుల తేడాతో రెండు మూడుసార్లు చేయాలి. అన్నభేది లేత ఆకుపచ్చ రంగులో ఉండాలి, గోధుమ రంగుకు తిరిగితే పెద్దగా పనిచేయదు. అప్పటికప్పుడు కలుపుకోండి. నేల మీద పడితే తుప్పు మరక పోదు.

ఇది తాత్కాలిక ఉపశమనమే. కొత్తగా వచ్చే ఆకులు పచ్చగా రావాలంటే నీళ్లు మార్చాలి. 12 అంగుళాల కుండీకి మూడు నెలలకోసారి ఒక టీస్పూను గంధకం పొడి పై మట్టిలో కలిపితే పులుపు నెమ్మదిగా పెరుగుతుంది. వాడేసిన కాఫీ పిప్పితో నేల పులుస్తుందని నమ్మకండి, అందులో మిగిలే పులుపు చాలా తక్కువ.

కింది ముదురు ఆకులు మాత్రమే పండితే ముందు మట్టి తడి చూడండి. ఎప్పుడూ బురదగా ఉంటే వేళ్లు కుళ్లుతున్నట్టే.

కత్తిరింపు, పురుగులు

పువ్వు కొత్త చిగురు కొసనే పూస్తుంది. కంచెలా గుండ్రంగా కనిపించాలని నెలనెలా కత్తిరించేవాళ్లు మొగ్గలన్నిటినీ తామే నరికేసుకుంటున్నారు. గుత్తి వాడిపోయాక దాని కింద ఒకటి రెండు కణుపులు తీసేస్తే చాలు, పక్క కొమ్మలు వచ్చి మళ్లీ పూస్తుంది. తర్వాత గుప్పెడు వర్మీకంపోస్టు వేయండి.

ఆకుల మీద నల్లటి మసి కనిపిస్తే ఆకు అడుగున, కణుపుల్లో వెతకండి. పిండినల్లి, పొలుసు పురుగు విసర్జించే తీపి జిగురు మీదే ఆ మసి పెరుగుతుంది. ముందు నీటి ధారతో కడిగి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగైదు చుక్కల సబ్బు ద్రావణం కలిపి ఎండ తగ్గాక కొట్టండి. చీమలు ఈ పురుగుల్ని ఒక కొమ్మ నుంచి ఇంకో కొమ్మకు మోస్తుంటాయి. కుండీలో చీమల పుట్ట ఉంటే దాన్ని తొలగించకుండా ఎన్నిసార్లు కొట్టినా పిండినల్లి మళ్లీ వస్తుంది.