ఇంటి డీజే సెట్‌లో బేస్ పోయిందా? క్రాసోవర్ దగ్గర నుంచి వెతకండి

ఇంట్లో డీజే సెట్ మొదటిసారి కలిపినప్పుడు వచ్చే తిప్పల్లో ఎక్కువ భాగం సామాను పాడై వచ్చేవి కావు, వైరింగ్‌లోనూ స్విచ్‌లలోనూ పుట్టేవే. అందుకే కొత్త యాంప్ కోసం కోఠి గుజరాతీ గల్లీకి బయల్దేరేముందు ఒక గంట కూర్చుని ఇవి చూడండి.

నేను చెప్పేది ఇలాంటి సెట్ గురించి: పాటలు మిక్స్ చేసే కంట్రోలర్ మాస్టర్ అవుట్ నుంచి స్టీరియో టూవే క్రాసోవర్‌కి (బేస్‌ని, పై సౌండ్‌ని విడదీసే పెట్టె), దాని లో అవుట్ నుంచి ఒక యాంప్‌కి, అక్కడి నుంచి రెండు 18 అంగుళాల బేస్ బాక్సులకి. హై అవుట్ నుంచి రెండో యాంప్‌కి, దాని నుంచి రెండు 12 అంగుళాల టాప్స్‌కి, అంటే గొంతు, పై సౌండ్ ఇచ్చే బాక్సులకి. ఆన్ చేసేటప్పుడు యాంప్‌లు చివర, ఆపేటప్పుడు ముందు. ఏ కేబుల్ ముట్టుకున్నా ముందు యాంప్ నాబ్‌లు సున్నాకి తిప్పండి.

ఒక వైపు సౌండ్ లేదు

క్రాసోవర్ వెనక లెఫ్ట్, రైట్ హై అవుట్ కేబుల్స్ రెండూ అటూ ఇటూ మార్చండి. మూగబోయిన వైపు మారితే తప్పు క్రాసోవర్‌లోనో, దానికి ముందో ఉంది. మారకపోతే ఆ కేబుల్, యాంప్, స్పీకర్ వైర్, బాక్స్‌లలో వెతకాలి. ఇలాగే ఒక్కో మెట్టు దిగుతూ వెళ్తే తప్పు దొరుకుతుంది. అయితే లో అవుట్‌ని, హై అవుట్‌ని మాత్రం ఒకదానితో ఒకటి మార్చకండి. టాప్స్‌లో సన్నటి సౌండ్ ఇచ్చే హార్న్ డ్రైవర్‌కి యాంప్ నేరుగా ఇచ్చి ఉంటే, బేస్ వెళ్లిన క్షణాల్లో అది కాలిపోతుంది.

బేస్ బాక్సులో గొంతు వినిపిస్తోంది, టాప్స్ పల్చగా ఉన్నాయి

క్రాసోవర్ ఫ్రీక్వెన్సీ ఎక్కడో పైన ఉండిపోయింది. కొన్ని మోడళ్లలో ఫ్రీక్వెన్సీని పది రెట్లు చేసే చిన్న బటన్ ఉంటుంది. అది నొక్కి ఉంటే మీరు 100 హెర్ట్జ్ అనుకున్నది నిజానికి 1,000 హెర్ట్జ్. బటన్ వదిలి 90 నుంచి 120 మధ్య పెట్టండి. అప్పటికీ కుదరకపోతే వెనక స్టీరియో టూవే, మోనో త్రీవే స్విచ్ చూడండి. మోడ్ మారితే సాకెట్ల పేర్లు కూడా మారతాయి. రెండు వరుసల్లో రాసి ఉండే ఆ పేర్లలో మన మోడ్‌కి చెందిన వరుసే చదవాలి.

అన్నీ మోగుతున్నాయి, బేస్‌లో మాత్రం బలం లేదు

చాలామందిని ఎక్కువ రోజులు ఏడిపించేది ఇదే. నేను కూడా నెల రోజులు యాంప్ చాలడం లేదనే అనుకున్నాను. చివరికి చూస్తే ఒక బాక్స్ లోపల డ్రైవర్‌కి ప్లస్, మైనస్ వైర్లు తారుమారు. ఒక కోన్ గాలిని ముందుకి తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతుంది, బేస్ అక్కడికక్కడే చచ్చిపోతుంది.

రెండు బేస్ బాక్సులూ పక్కపక్కన పెట్టి బేస్ పాట వేయండి. యాంప్ తగ్గించి ఒక బాక్స్ కేబుల్ తీసేసి మళ్లీ పెంచండి. ఒక్క బాక్స్‌తోనే బేస్ ఎక్కువైతే అవి ఎదురెదురు ఫేజ్‌లో ఉన్నట్టే. ఏది తప్పో తేలాలంటే బాక్స్‌ని యాంప్ నుంచి విడదీసి, మామూలు 1.5 వోల్ట్ సెల్ ప్లస్‌ని బాక్స్ ప్లస్‌కి, మైనస్‌ని మైనస్‌కి ఒక్క క్షణం తాకించండి. కోన్ బయటికి వస్తే సరైనది. లోపలికి పోతే వైర్లు మార్చండి. ఈ పరీక్ష బేస్ డ్రైవర్‌కే, ట్వీటర్‌కి వద్దు.

రెండూ సరిగ్గా ఉన్నా బేస్, టాప్స్ మధ్య ఫేజ్ కుదరకపోవచ్చు. క్రాసోవర్ 100 దగ్గర ఉంటే ఫోన్ యాప్ నుంచి సెట్‌కి 100 హెర్ట్జ్ టోన్ ఇచ్చి, లో అవుట్ ఫేజ్ ఇన్వర్ట్ బటన్ నొక్కి, వదిలి వినండి. ఎలా ఉంటే గట్టిగా వినిపిస్తుందో అలాగే ఉంచండి.

ఇంకొక్కటి, గది. గోడకీ గోడకీ మధ్య 10 అడుగులుంటే సుమారు 56 హెర్ట్జ్ దగ్గర గది నడుమ బేస్ బాగా తగ్గిపోతుంది. గోడ దగ్గర నిలబడితే నిండుగా వినిపిస్తోందా? అలాగైతే వైరింగ్ జోలికి పోకండి, బాక్సులు జరపండి.

గుయ్యిమని హమ్ వస్తోంది

ల్యాప్‌టాప్ చార్జర్ తీసి చూడండి. హమ్ ఆగిపోతే అది గ్రౌండ్ లూప్, అంటే సామాన్ల ఎర్త్‌లు కేబుళ్ల ద్వారా కలిసి చుట్టు తిరగడం. అన్నీ ఒకే స్విచ్ బోర్డు నుంచి తీసుకోండి, కంట్రోలర్ నుంచి ఎక్స్‌ఎల్‌ఆర్ బ్యాలెన్స్‌డ్ కేబుల్ వాడండి. అప్పటికీ ఉంటే ఆడియో కేబుల్ మధ్యలో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి. ప్లగ్ ఎర్త్ పిన్ మాత్రం తీయొద్దు. హమ్ పోవచ్చు, కానీ యాంప్ బాడీకి కరెంట్ తగిలిన రోజు మిమ్మల్ని కాపాడేది ఆ పిన్నే.

యాంప్ ప్రొటెక్ట్ లైట్ వెలుగుతోంది

ముందు స్పీకర్ వైర్ కొసలో వెంట్రుకంత తీగ పక్క టెర్మినల్‌కి తగిలిందేమో చూడండి. తర్వాత లోడ్ లెక్క. ఒక ఛానల్‌కి రెండు 8 ఓమ్ బాక్సులు కలిపితే 4 ఓమ్. అదే 4 ఓమ్‌ని బ్రిడ్జ్‌లో (యాంప్ రెండు ఛానళ్లూ కలిపి ఒకటిగా వాడటం) పెడితే ఒక్కో ఛానల్‌కి 2 ఓమ్‌లా పడుతుంది, చాలా యాంప్‌లు తట్టుకోలేవు. మల్టీమీటర్‌తో చూస్తే 8 ఓమ్ స్పీకర్ దాదాపు 6 చూపిస్తుంది, అది మామూలే.

సౌండ్ పగులుతోంది

యాంప్ నాబ్ తగ్గించినంత మాత్రాన కంట్రోలర్ దగ్గర పగిలిన సౌండ్ బాగుపడదు. మాస్టర్ మీటర్ ఎరుపులోకి పోకుండా పెట్టి, క్రాసోవర్ గెయిన్ సున్నా డీబీ దగ్గర ఉంచి, ఆ తర్వాతే యాంప్ మెల్లగా పెంచండి.