ఇష్టమైన గాయకుల్ని ఫోన్‌లో సాంతం వినడం ఎలా

మీకు బాగా ఇష్టమైన పాట ఒకటి తలుచుకోండి. పల్లవి వచ్చేస్తుంది, మొదటి చరణం సగం వరకూ వస్తుంది. రెండో చరణం చాలామందికి రాదు, ఎందుకంటే ఈమధ్య మనం పాటల్ని రీల్స్‌లోనూ స్టేటస్‌లలోనూ ముక్కలుగానే వింటున్నాం, ఆ ముక్క ఎప్పుడూ పల్లవే అయ్యుంటుంది. రోజూ ఆ గొంతు చెవిన పడుతోంది కాబట్టి వింటున్నామనే అనుకుంటాం. నిజానికి ఆ పాట విని ఏళ్లయి ఉంటుంది. ఫోన్ మానేయమని చెప్పడానికి ఇది రాయడం లేదు, నేనూ ఫోన్‌లోనే వింటాను. అదే ఫోన్‌తో ఒక గాయకుణ్నో, గాయనినో, వయొలిన్ విద్వాంసుణ్నో తీరిగ్గా, మొదటి నుంచి చివరి దాకా వినడానికి ఏం చేయాలో చెబుతాను.

ముందు ఒక్కరిని పట్టుకోండి. నెల రోజులు ఆ ఒక్కరే. పది మందితో ప్లేలిస్ట్ పెట్టుకుంటే వారం తిరక్కుండా మళ్లీ స్క్రోలింగ్‌లో పడతారు.

ఎవరితో మొదలుపెట్టాలని అడిగితే నేను మా విజయనగరం ఆడపడుచు పి. సుశీల పేరే చెబుతాను. ఆవిడ 1935లో ఇక్కడే పుట్టారు, వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ప్రిన్సిపాల్‌గా ఉన్న రోజుల్లో ఇక్కడి మహారాజా సంగీత కళాశాలలో చదువుకున్నారు. ఆరు భాషల్లో 17,695 పాటలు పాడారని 2016లో గిన్నిస్ వాళ్లు లెక్క తేల్చారు. ఇన్ని పాటలుంటే యూట్యూబ్ మన ముందు పెట్టేవి మాత్రం కొన్నే, అవే తిరిగి తిరిగి వస్తాయి. అందుకని ‘సుశీల హిట్స్’ అని వెతక్కండి. సినిమా పేరు, పక్కన సంవత్సరం వేసి వెతకండి. సాయంత్రానికి ఒక సినిమా చాలు, అందులో ఆవిడ పాడినవన్నీ వరసగా వినండి. యాభైల నాటి సినిమాతో మొదలుపెట్టి అరవైల్లోకి, అక్కణ్నుంచి డెబ్భైల్లోకి వస్తే ఆ గొంతు ఎలా నిండుగా ఎదిగిందో మీకే తెలుస్తుంది, ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంకొకటి గమనించండి, ‘శ’కీ ‘ష’కీ ‘స’కీ తేడా ఎక్కడా పోదు, ఎంత వేగంగా పాడినా ఒక్క అక్షరం నలగదు. ఆ స్పష్టత ముక్కలు వింటే పట్టుబడదు. పాట మధ్యలో రేడియో తిప్పేస్తే మా మామ్మ ఊరుకునేది కాదు, ‘ఏటర్రా, ఒక్క పాటైనా సాంతం ఇననివ్వరేటి?’ అని కేకలేసేది. ఆవిడ అడిగినదే నేనూ అడుగుతున్నాను.

ఇక ఫోన్ సంగతి. మన ముందుకు వచ్చే వీడియోలన్నీ మనం ఇంతకుముందు దేని మీద ఆగాం, ఎంతసేపు చూశాం అన్నదాన్ని బట్టే వస్తాయి. ఇష్టంతో ఆగామా, కోపంతో ఆగామా అన్నది యాప్‌కి పెద్దగా పట్టదు, ఆగితే చాలు అలాంటివే ఇంకో నాలుగు తెస్తుంది. అంటే, మనం రోజూ పూర్తి పాటలు వింటే అది కూడా లెక్కలోకే వస్తుంది. దీన్ని మనకు పనికొచ్చేలా మలుచుకోవాలి.

సంగీతానికి విడిగా ఒక జీమెయిల్ ఖాతా తెరిచి, యూట్యూబ్‌లో పాటలు వినేటప్పుడు ఆ ఖాతాలోకి మారండి. వంటలు, రాజకీయాలు, క్రికెట్ అన్నీ పాత ఖాతాలో ఉంటాయి, ఇందులో పాటలు తప్ప ఏమీ ఉండవు. వారం పది రోజులు గడిచేసరికి మొదటి పేజీలో వచ్చేవే మారిపోతాయి. అక్కర్లేనిది కనబడితే మూడు చుక్కలు నొక్కి ‘నాట్ ఇంట్రెస్టెడ్’ కొట్టండి, అదే ఛానల్ పదే పదే విసిగిస్తుంటే ‘డోంట్ రికమెండ్ ఛానల్’ కొట్టండి. ఇన్‌స్టాగ్రామ్‌లోనూ ఇలాంటి ఆప్షనే ఉంది. ఇంట్లో పిల్లలు మీ ఫోన్‌లో కార్టూన్లు చూసి ఉంటే వాచ్ హిస్టరీలోకి వెళ్లి వాటిని తీసేయండి. ఆటోప్లే ఆపేయండి, ఇది అన్నిటికన్నా ముఖ్యం. పాట అయిపోయాక కాసేపు ఏమీ మోగకూడదు. మంచి పాట విన్న వెంటనే ఇంకో పాట మీద పడితే మొదటి పాట మనసులో నిలవదు, అది ఎంత గొప్పదైనా సరే.

రీల్స్ మీద గంటలు గడిచిపోతున్నాయంటే ఆండ్రాయిడ్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్, ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్ అని ఉంటాయి, అందులో ఆ యాప్‌కి రోజుకి ఇంత అని గడువు పెట్టుకోవచ్చు. గడువు అయ్యాక దాన్ని దాటడం కూడా తేలికే, అందుకని నేనైతే యాప్‌ని ముందు స్క్రీన్ మీద నుంచి తీసేసి లోపలెక్కడో పెట్టమంటాను. చేతికి అందుబాటులో లేకపోతే సగం అలవాటు తగ్గుతుంది.

బస్సు ప్రయాణం పాటలకి చాలా మంచిది. విజయనగరం నుంచి శ్రీకాకుళం వెళ్లే బస్సెక్కారంటే చేతిలో గంటకు పైనే ఉంటుంది, అది ఫార్వర్డ్‌లు చూసుకుంటూ పోగొట్టుకోవద్దు. బయలుదేరే ముందే ఇంట్లో వైఫైలో కావలసినవి డౌన్‌లోడ్ చేసుకుని, ఎక్కాక ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టేయండి. ఇయర్‌ఫోన్స్ తప్పనిసరి. బస్సులో స్పీకర్ పెట్టి వినిపిస్తే ఎవరికీ ఆ పాట మీద ప్రేమ పుట్టదు.

శాస్త్రీయ సంగీతం మనకు అంతుపట్టదు అని భయపడేవాళ్లు ద్వారం వారితో మొదలుపెట్టవచ్చు, దానికి నా దగ్గర ఒక కారణం ఉంది. ఆయన కాలంలో గ్రామఫోన్ రికార్డులు 78 ఆర్‌పీఎమ్‌వి, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగేవి, పది అంగుళాల ప్లేటు ఒక పక్కకి మూడు నిమిషాలు, కాస్త అటూ ఇటూ, అంతే పట్టేది. అంటే ఆ మహానుభావుడు రాగాన్నీ కీర్తననీ ఆ కాస్త సమయంలోకి కుదించి వాయించాల్సి వచ్చింది. గంటన్నర కచేరీకి కూర్చోలేనివాళ్లు మూడు నిమిషాలు కూర్చోలేరా? పైగా వయొలిన్ అంటే పక్కవాద్యం అనుకునే రోజుల్లో, దాన్ని వేదిక మధ్యకి తెచ్చి సోలో కచేరీలు చేసిన తొలితరం విద్వాంసుడు ఆయన. 1919లో ఇక్కడి సంగీత కళాశాల పెట్టినప్పుడు ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్, వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పడానికి చేరారు, 1936లో ఆయనే ప్రిన్సిపాల్ అయ్యారు.

వినే పద్ధతి ఇది. ఒక త్యాగరాజ కీర్తన ఎంచుకోండి. ముందు ఎవరైనా పాడినది, సాహిత్యం కళ్ల ముందు పెట్టుకుని వినండి. తర్వాత అదే కీర్తన ఆయన వయొలిన్ మీద వినండి. మాట లేదు కదా, అయినా ఎక్కడ పల్లవికి తిరిగొచ్చాడో, ఎక్కడ చరణం ఎత్తుకున్నాడో కమాను (తీగల మీద ఆడించే బద్ద) నడకలోనే తెలిసిపోతుంది, మీ మనసు దానంతటదే మాటలు కలుపుకుంటుంది. మొదటిసారి అర్థం కాలేదని వదిలేయకండి, మర్నాడు మళ్లీ అదే వినండి. రికార్డు గీరుడు చప్పుడు రెండో రోజుకే చెవికి అలవాటైపోతుంది. రాగం పేరు తెలియకపోయినా నష్టం లేదు. పాత రికార్డింగులకి యూట్యూబ్‌లో ప్రసారభారతి ఆర్కైవ్స్ చూడండి, న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో ఆకాశవాణి వాళ్ల రాగం ఛానల్ ఉంది, రోజంతా శాస్త్రీయ సంగీతమే వస్తుంది. రేడియోలో ఒక సుఖం ఏమిటంటే, తర్వాత ఏది వినాలో మనం వెతుక్కోనక్కర్లేదు, పాట మార్చేద్దామని వేలు లాగదు.

ఒకరిని బాగా విన్నాక రెండోవారిని ఎలా ఎంచుకోవాలంటే, మొదటివారి గురువు ఎవరు, సాటివారు ఎవరు అని చూసుకుంటూ వెళ్లడమే. ఘంటసాల గారు కృష్ణా జిల్లా వారు. సంగీతం కోసం విజయనగరం వచ్చారు, సాలూరు చిన గురువుగారు అని అందరూ పిలుచుకునే పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర నేర్చుకున్నారు, జోలె పట్టి మధుకరం చేసుకుని కడుపు నింపుకున్నారు. ఈ సంగతి తెలిసి ఆయన పద్యం వింటే, ఆ రాగం తీయడం వెనక ఎంత సాధన ఉందో వేరేగా వినబడుతుంది, కనీసం నాకు వినబడుతుంది. అదే దారిలో సాలూరు దగ్గర శివరామపురంలో పుట్టిన సాలూరి రాజేశ్వరరావు గారి దగ్గరికి వెళ్లండి, ఆయన స్వయంగా పాడిన లలిత గీతాలు వినండి, సంగీత దర్శకుడిగా తెలిసిన మనిషి గాయకుడిగా ఎంత మెత్తగా పాడతారో చూడండి.

పేర్ల గురించి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మన వాట్సాప్ గ్రూపుల్లో ఎక్కువ అన్యాయం ఇక్కడే జరుగుతోంది. పాట ఉంటుంది, కింద గాయని పేరు తప్పు, సంగీత దర్శకుడి పేరు ఉండదు, రచయిత ఊసే ఉండదు. పంపే ముందు ఒక్క నిమిషం సినిమా టైటిల్స్ చూడండి, లేదా రికార్డింగ్ కంపెనీ సొంతంగా పెట్టిన వీడియో కింద వివరాలు చదవండి. కొన్నిసార్లు టైటిల్స్ కూడా మొత్తం కథ చెప్పవు. 1957 నాటి ‘మాయాబజార్’కి సంగీతం ఘంటసాల అని అందరికీ తెలుసు. అందులో ‘లాహిరి లాహిరి’తో కలిపి మొత్తం నాలుగు పాటలకి ముందు బాణీ కట్టింది రాజేశ్వరరావు గారు. ఆయన మధ్యలో తప్పుకున్నారు, ఆ బాణీలకి వాద్యగోష్ఠి కూర్చి రికార్డు చేసి, మిగతా పాటలన్నీ స్వరపరిచింది ఘంటసాల గారు. ఇద్దరి పేర్లూ చెప్పడానికి ఒక్క లైను ఎక్కువ పడుతుంది, ఆ లైను రాయండి.

ఇప్పుడు ఏఐతో చేసిన గొంతులు కూడా వచ్చాయి, చనిపోయిన గాయకుడు కొత్త సినిమా పాట పాడినట్టు వినిపిస్తున్నారు. ఎస్పీ బాలు గారి గొంతును అలా వాడినందుకు ఆయన కుటుంబం 2024లో లీగల్ నోటీసు పంపింది. ఏఐ అని స్పష్టంగా రాసి లేని ముక్కని నేను ఎవరికీ పంపను, మీరూ పంపకండి. బతికున్న కళాకారులకి శ్రద్ధాంజలి పోస్టులు పెట్టడం ఇంకా ఘోరం. అలాంటిది వస్తే నమ్మదగ్గ పత్రికలో చూసేదాకా ఆగండి, ముందుగా పెట్టినంత మాత్రాన అభిమానం ఎక్కువ ఉన్నట్టు కాదు.

చివరగా మన జానపదం. వంగపండు ప్రసాదరావు గారి పాటలు ఆయన పేరుతోనే దొరుకుతాయి, అది అదృష్టం. కానీ జముకు వాయిస్తూ కథ చెప్పే పెద్దమనిషి, గుండెల మీద తప్పెటగుళ్లు కట్టుకుని ఆడే బృందం, వీళ్ల వీడియోల్లో ఛానల్ పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది, పాడినవాళ్ల పేరు ఎక్కడా ఉండదు. దసరా వెళ్లాక వచ్చే మంగళవారం పైడితల్లి సిరిమానోత్సవానికి ఊరంతా ఫోన్లెత్తి తీస్తుంది, అప్పుడైనా, మీ ఊరి గ్రామదేవత పండగకైనా ఇలా చేయండి. తీసే ముందు అడగండి, ‘తీసుకోవచ్చా, తాతా? నెట్‌లో పెట్టవచ్చా?’ అని. ఫోన్ అడ్డంగా పట్టుకోండి, దగ్గరికెళ్లి నిలబడండి, డీజే బాక్సులకి దూరంగా. పాట సాంతం తీయండి, మధ్యలో ఆపి మీ మొహం చూపించవద్దు. అయ్యాక ఆయన పేరు, ఊరు, మండలం, ఆ పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారు అన్నవి అడిగి అక్కడే రాసుకోండి, ఇంటికెళ్లాక గుర్తుండవు. పోస్టులో మొదటి లైను ఆ పేరే కావాలి. ఫోన్ నంబరు మాత్రం ఆయన ఒప్పుకుంటేనే పెట్టండి, పెడితే పండగలకి పిలిచేవాళ్లు నేరుగా మాట్లాడుకుంటారు. వీడియో కాపీ ఒకటి వాళ్లింట్లో ఎవరి ఫోన్‌కైనా అప్పుడే పంపించేయండి, సిగ్నల్ లేకపోతే బ్లూటూత్‌లోనైనా.