చిన్న పెట్రోలు ఇంజన్ల మరమ్మతు – 5వ పాఠం: వేడెక్కాక మొరాయించే ఇంజను

ప్లగ్గులో నిప్పు, కార్బురేటర్‌లో పెట్రోలు ఎలా చూసుకోవాలో కిందటి పాఠాల్లో నేర్చుకున్నాం. ఆ రెండూ బాగానే ఉన్నా ఇంజను అందుకోకపోతే చూడాల్సింది వాల్వులనే. గాలీ పెట్రోలూ లోపలికి రానిచ్చే తలుపు ఇన్‌లెట్ వాల్వు, పొగ బయటకు పంపేది ఎగ్జాస్ట్ వాల్వు.

వంశధార ఒడ్డున కాశీనగర్, గుణుపూర్ వైపు కూరగాయల మళ్లకు నీళ్లు తోడే పంపుసెట్లను తీసుకోండి. పొద్దున్న చల్లటి ఇంజను రెండు లాగుళ్లకే అందుకుంటుంది. గంట నడిపి ఆపాక తాడు లాగితే చేతికి బరువే తెలియదు, ఇంజనూ అందుకోదు. అంటే లోపల ఒత్తిడి నిలవడం లేదన్నమాట. అరగంట చల్లారితే మళ్లీ మామూలే. ముందు వేడి మీదే ప్లగ్గు తీసి నిప్పు చూడండి. నిప్పు లేకపోతే తప్పు ప్లగ్గుకు కరెంటు పంపే కాయిల్‌ది. ఉంటే ఎగ్జాస్ట్ వాల్వును అనుమానించాలి.

వాల్వు కాడకూ, దాన్ని నొక్కి తెరిచే రాకర్ అనే మీటకూ మధ్య ఉండే సందే టాపెట్ గ్యాప్. అరిగితే ఇది పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. ఇక్కడ జరిగేది తలకిందులు. వాల్వు ముఖం, అది ఆనుకుని మూసుకునే సీటు అరిగేకొద్దీ వాల్వు సీటులోకి దిగబడుతుంది, దాని కాడ రాకర్ వైపు జరుగుతుంది, గ్యాప్ తగ్గిపోతుంది. వేడికి కాడ సాగితే ఆ మిగిలిన కాస్తా పోయి వాల్వు పూర్తిగా మూసుకోదు. ఆ సందులోంచి మంట దూసుకుపోయి వాల్వు అంచును కాల్చేస్తుంది. ఈ లక్షణం కనిపించినా అలాగే నడిపితే, గ్యాప్ సరిచేస్తే తీరిపోయేది కొత్త వాల్వు కొనేదాకా వస్తుంది.

హోండా జీఎక్స్160 లెక్క చెబుతాను: ఇన్‌లెట్ 0.15 మి.మీ., ఎగ్జాస్ట్ 0.20 మి.మీ., రెండింటికీ 0.02 అటూ ఇటూ. మీ ఇంజను వేరేదైతే దాని పుస్తకంలోని అంకెలే వాడండి. ఇంజను పూర్తిగా చల్లారాకే కొలవాలి.

ప్లగ్గు తీయండి, పది నంబరు పానాతో రాకర్ కవరు విప్పండి. తాడు మెల్లగా లాగుతూ ఇన్‌లెట్ వాల్వు తెరుచుకుని మూసుకోవడం గమనించండి. ఆ తర్వాత పిస్టన్ కొసకంటా పైకి వచ్చినచోట ఆపండి. కొసకు కాస్త ముందు ఎగ్జాస్ట్ వాల్వు కొంచెం కదులుతుంది. అది లోపం కాదు, తాడు తేలిగ్గా లాగడానికి క్యామ్ మీద పెట్టిన ఏర్పాటు. అక్కడే ఆగి కొలిస్తే కొలత తప్పుతుంది. గ్యాప్ మరీ ఎక్కువైనా ఈ ఏర్పాటు పనిచేయదు, తాడు చేతిని వెనక్కి గుంజుతుంది.

సందు కొలిచే ఫీలర్ గేజ్ రేకు కాడకూ రాకర్‌కూ మధ్య కాస్త పట్టుతో జారాలి. లాక్ నట్టు వదులు చేసి కింది నట్టును కుడికి తిప్పితే గ్యాప్ తగ్గుతుంది, ఎడమకు తిప్పితే పెరుగుతుంది. లాక్ నట్టు బిగించేటప్పుడు కింది నట్టును ఇంకో పానాతో కదలకుండా పట్టుకోండి. బిగించాక కొలత మారుతుంది కనుక ఇంజనును రెండు చుట్లు తిప్పి మళ్లీ కొలవండి. కొత్తవాళ్లు తప్పేది ఇక్కడే.

గ్యాప్ సరిగ్గా ఉన్నా బరువు తెలియకపోతే, పిస్టన్ అదే స్థానంలో ఉంచి ప్లగ్గు రంధ్రంలోంచి కొద్దిగా గాలి పట్టండి. గాలికి ఇంజను తిరగవచ్చు, చేతులు దూరంగా ఉంచండి. బుస్సుమనే చప్పుడు సైలెన్సర్‌లోంచి వస్తే ఎగ్జాస్ట్ వాల్వు, కార్బురేటర్‌లోంచి వస్తే ఇన్‌లెట్, ఆయిలు పోసే మూత దగ్గర వస్తే పిస్టన్ రింగులు. రింగులదైతే ఈ పాఠం పని కాదు.

వాల్వుదైతే హెడ్డు దించి గ్రైండింగ్ పేస్టుతో రుద్దాలి, ముందు గరుకు, తర్వాత నున్నటిది. అటూ ఇటూ తిప్పుతూ మధ్యమధ్య వాల్వు ఎత్తి వేరే చోట పెట్టండి. చుట్టూ తెగకుండా బూడిదరంగు గీత పడితే చాలు. సీటు వెడల్పు 0.8 మి.మీ. ఉండాలి. 2 మి.మీ. దాటితే రుద్ది లాభం లేదు, సీటు కటింగ్ చేయించాలి. పేస్టు రవ్వంత మిగిలినా వాల్వు కాడ జారే గొట్టాన్ని, అంటే గైడును అరగదీస్తుంది, కిరసనాయిలుతో పూర్తిగా కడగండి. వాల్వులు బిగించి, హెడ్డు తిరగేసి, ప్లగ్గు పెట్టి గిన్నెలా ఉన్న భాగంలో కిరసనాయిలు పోయండి. అయిదు నిమిషాల్లో పోర్టుల్లో, అంటే వాల్వుల వెనక గాలీ పొగా పోయే దారుల్లో తడి కనిపిస్తే మళ్లీ రుద్దాలి.

రుద్దినప్పుడు కూడా వాల్వు కొద్దిగా దిగబడుతుంది. హెడ్డు బిగించాక గ్యాప్ కొత్తగా పెట్టండి, కొన్ని గంటలు నడిచాక చల్లార్చి మరోసారి కొలవండి.