ఫైబర్ తెప్ప మరమ్మతు, ఐదో పాఠం: జెల్‌కోటా, పెయింటా?

నేరుగా పాఠంలోకి వెళ్దామనుకున్నాను. కానీ నాలుగో పాఠం చూసి జెల్‌కోట్ (ఫైబర్ తెప్ప పైన ఉండే గట్టి రంగు పొర) పూసినవాళ్ల నుంచి ఒకటే ఫిర్యాదు: మూడు రోజులైనా చేతికి అంటుకుంటోందని. సోన్‌పూర్ తమ్ముడి తెప్పకైతే గాలికి లేచిన ఇసుకంతా అతుక్కుని, అణియం (తెప్ప ముందు కొస) దగ్గర పక్క మొత్తం ఎమరీ కాగితంలా తయారైందట. ఆ తప్పు నాది. మైనం సంగతి అందరికీ తెలిసే ఉంటుందని రాయకుండా వదిలేశాను. అది తేలనిదే ముందుకు పోలేం.

జెల్‌కోట్ ఆరదు, గట్టిపడుతుంది. అది పాలియెస్టర్ రెసిన్. హార్డ్‌నర్ (గట్టిపరిచే ద్రవం) పడ్డాక తనలో తానే అల్లుకుపోతుంది. గాలి తగిలే పైపొరలో మాత్రం ఆక్సిజన్ ఆ అల్లికను ఆపేస్తుంది. తెప్పను అచ్చులో పోసేటప్పుడు జెల్‌కోట్ ముఖం అచ్చుకు ఆని ఉంటుంది కాబట్టి ఈ బాధ ఉండదు. ఒడ్డున పూసే మనకు గాలి తప్పదు. అందుకే స్టైరీన్‌లో కరిగించిన పారఫిన్ మైనాన్ని డబ్బా మీద చెప్పిన పాళ్లలో చివరి పూతలో కలపాలి. అది పైకి తేలి మూతలా పరుచుకుంటే కింద జెల్‌కోట్ గట్టిపడుతుంది. చివరి పూతలోనే కలపాలి. ముందు పూతలో కలిపితే దాని మీద రెండోది పట్టదు, మళ్లీ రుద్దుకోవాలి.

జిగురు పోలేదని రెండోసారి హార్డ్‌నర్ రెట్టింపు పోసినవాళ్లున్నారు. ఇది నన్ను నిజంగా బాధపెట్టింది. ఆక్సిజన్ వల్ల వచ్చిన జిగురును హార్డ్‌నర్ తీసేయలేదు. కిలో జెల్‌కోట్‌కు హార్డ్‌నర్ 10 నుంచి 20 గ్రాములు. నేను 15 వేస్తాను, మే నెల ఎండలో 10కి దగ్గరగా ఉంటాను. పదికి తగ్గితే లోపలి దాకా గట్టిపడదు. ఇరవై దాటితే డబ్బాలోనే వేడెక్కి గడ్డకడుతుంది, గడ్డకట్టకపోయినా పూత పెళుసై బీటలు వారుతుంది. సీసా మూతతో కొలవకండి, మూత మూతకూ కొలత మారుతుంది. బంగారం తూచే చిన్న ఎలక్ట్రానిక్ కాటా ఒకటి కొనుక్కోండి. ఇంకొక్క మాట, దీన్ని ఎప్పుడూ మరిచిపోకండి: కోబాల్ట్‌నూ (రెసిన్ త్వరగా గట్టిపడడానికి కలిపేది) హార్డ్‌నర్‌నూ నేరుగా ఒకదానిలో ఒకటి పోయకూడదు, పేలుతుంది. హార్డ్‌నర్ ముట్టుకునేటప్పుడు కళ్లద్దాలు ఉండాల్సిందే.

ఇప్పటికే జిగురుగా ఉన్నవాళ్లు గోటితో నొక్కి చూడండి. పైన జిగురుగా ఉన్నా గోరు దిగకపోతే అడుగు బాగానే ఉంది. అసిటోన్ తడిపిన గుడ్డతో పైపొర తుడిచి, తేలిగ్గా రుద్ది, మైనం కలిపిన పూత ఒకటి వేయండి. గోరు దిగి గుంట పడితే హార్డ్‌నర్ చాలలేదని అర్థం. దాన్ని పూర్తిగా గీకి తీసేయాలి, దాని మీద ఏం పూసినా నిలవదు.

ఇక అసలు ప్రశ్న. ఏది మెరుస్తుందని కాదు, అడుగున ఏముంది, తెప్ప ఎక్కడ ఒరుసుకుంటుంది అన్నవే చూడాలి.

అడుగున ఏముందో ముందు తేల్చుకోండి. తెల్ల గుడ్డకు అసిటోన్ పెట్టి ఒక నిమిషం అదిమి ఉంచండి. రంగు గుడ్డకు దిగితే అది మామూలు పెయింటు. దిగకపోయినా తొందరపడకండి, రెండు డబ్బాల పెయింటు (రంగూ హార్డ్‌నరూ వేరువేరుగా వచ్చి, కలిపి పూసేది) కూడా దిగదు. చిన్న చోట ఎమరీతో రుద్దండి. ఒక రంగు కింద మరో రంగు వలయంలా బయటపడితే పెయింటు ఉన్నట్టే. పెయింటు మీద జెల్‌కోట్ పట్టదు. ఎపాక్సీతో (పాలియెస్టర్ కాని మరో రకం రెసిన్) అతికిన చోటా నమ్మకంగా పట్టదు. ఆ రెండు సందర్భాల్లో పెయింటే దారి.

అడుగున పాత జెల్‌కోటే ఉంటే ఒరుపు సంగతి చూడండి. జెల్‌కోట్ పూత సుమారు అర మిల్లీమీటరు ఉంటుంది. రెండు డబ్బాల పాలీయురెథేన్ పెయింటు మూడు పూతలు వేసినా 0.15 మిల్లీమీటరు దాటడం కష్టం. గోపాలపూర్‌లో ఇసుక మీదికి లాగే తెప్ప అడుగును పట్టుకుంటే మధ్యలో వేళ్లకు గాజు నారలు గుచ్చుకుంటాయి. ఆ పట్టీ మీద పెయింటు ఒక సీజన్ కూడా ఉండదు. అక్కడ జెల్‌కోటే వేయాలి. గాజు నార బయటపడి ఉంటే ముందు మ్యాట్ (గాజు నారతో చేసిన చాప), రెసిన్ వేసి అతకండి. జెల్‌కోట్ చదరపు మీటరుకు ఆరు వందల గ్రాములు లెక్క వేసుకోండి.

పక్కలకు మాత్రం పెయింటు. బ్రష్షుతో పూసిన జెల్‌కోట్ గీతలు గీతలుగా ఉంటుంది. దాన్ని నున్నగా చేయడానికి 220 నంబరు ఎమరీ నుంచి 1000 నంబరు దాకా రుద్ది, పాలిష్ పట్టాలి. మొత్తం తెప్పకు అంత చాకిరీ అనవసరమని నా అభిప్రాయం. పక్కల్లో చిన్న గాటు ఉంటే జెల్‌కోట్ నింపుకోవచ్చు. పాలీయురెథేన్‌ను స్ప్రే చేయకండి. దానిలోని ఐసోసయనేట్ పొగమంచులా లేచి ఊపిరితిత్తులకు చేటు చేస్తుంది. రోలర్‌తో పూసి, వెంటనే పొడి బ్రష్షు తేలిగ్గా లాగితే చాలు. రంగు నేనైతే తెలుపే ఎంచుతాను, ఎండకు తక్కువ వేడెక్కుతుంది. పేర్లు ఒడియాలో రాసినా తెలుగులో రాసినా దాని మీద అందంగా కనిపిస్తాయి.

ఏది పూసినా రుద్దే ముందే మైనం, నూనె తుడిచేయండి. ముందు రుద్దితే ఎమరీ ఆ మైనాన్నే గీతల్లోకి నెడుతుంది. తుడిచాక నీళ్లు చల్లి చూడండి. నీరు పొరలా పరుచుకోవాలి, ముత్యాల్లా విడిపోతే మళ్లీ తుడవాలి.

అభ్యాసం: ఒడ్డున పనికిరాని తెప్ప ముక్క ఒకటి దొరికితే ఒక అడుగు వెడల్పున కోసుకోండి. సగానికి మైనం కలిపిన జెల్‌కోట్, సగానికి పెయింటు. వారం ఆగి, తాడు కట్టి తడి ఇసుక మీద వంద సార్లు లాగండి. ప్రతి ఇరవైకీ ఆగి ఏ సగం ఎంత అరిగిందో రాసుకోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి తెప్ప ఒడ్డునే ఉంటుంది, సమయం చాలు. ఆ ముక్క పారేయకండి. ఆరో పాఠంలో దాని మీదే రంగు సరిపోల్చడం నేర్పుతాను.